ఒక్కసారి మాత్రమే దిగే నీరు

మనిషిని నీటిలో ముంచి గాని, తలపై నీరు పోసి గాని, చిలకరించి గాని, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామాన క్రీస్తు సంఘంలో చేర్చుకొనే సంస్కారాన్ని ప్రొటెస్టెంటు సంఘాలు బాప్తిస్మమనీ, కతోలిక సంఘం జ్ఞానస్నానమనీ వ్యవహరిస్తాయి. సాల్వేషన్ ఆర్మీ, క్వేకర్లు వంటి కొద్ది సమాజాలను మినహాయిస్తే ఈ సంస్కారం లేని క్రైస్తవ సంఘం అరుదు. అయినా ఎంత నీరు ఉండాలి, ఏ వయసులో ఇవ్వాలి, ఎవరు ఇవ్వాలి, ఇచ్చినప్పుడు నిజంగా ఏం జరుగుతుంది అన్న ప్రశ్నల మీద క్రైస్తవులు తొలి శతాబ్దాల నుంచీ వాదించుకొంటూనే ఉన్నారు. ఇంత వాదం మధ్యనా దాదాపు ఎవరూ కాదనని సంగతులు రెండు ఉన్నాయి. బాప్తిస్మం మరొకరి చేతి నుంచి పుచ్చుకోవలసినదే గాని ఎవరికి వారు ఇచ్చుకొనేది కాదు. నిజమైన బాప్తిస్మం ఒకసారి పుచ్చుకొన్నాక మళ్లీ పుచ్చుకొనేదీ లేదు. వయసు, నీటి పరిమాణం వంటి వివాదాలన్నిటినీ ఈ రెండు లక్షణాల వెలుగులో చూసినప్పుడే వాటి అసలు బరువు తెలుస్తుంది.

ఈ చర్చ పుస్తకాల్లో కాక ఇళ్లలో జరిగే ప్రదేశాల్లో ఒడిశాలోని కొరాపుట్ జిల్లా ఒకటి. అక్కడి సునాబెడలో 1960ల్లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం నెలకొల్పిన తరువాత, ఉద్యోగాల కోసం సాలూరు ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చిన వారిలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఘాటీకి దిగువన బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి పనిచేసినది కెనడా బాప్టిస్టు మిషను. ఎగువన కొరాపుట్, జయపురం, కోట్‌పాడ్ ప్రాంతాల్లో వేళ్లూనినది జర్మన్ లూథరన్ మిషను. విశ్వసించినట్టు స్వయంగా ఒప్పుకొన్న వారికే, అదీ నిండా ముంచి, బాప్తిస్మం ఇవ్వాలనేది బాప్టిస్టుల సిద్ధాంతం; విశ్వాసుల పసిబిడ్డలకు సైతం తలపై నీరు పోసి ఇవ్వవచ్చుననేది, ఇవ్వాలనేది లూథరన్ల సిద్ధాంతం. ఈ రెండు సంప్రదాయాలూ ఒకే టౌన్‌షిప్పులో, ఒకే వీధిలో, కొన్నిచోట్ల ఒకే వియ్యపు బంధంలో కలుసుకొన్నప్పుడు దైవశాస్త్రం పెళ్లిమాటల్లోకి వచ్చి కూర్చుంటుంది.

ఎగువ సంఘం చరిత్రను కొంచెం చెప్పుకోవాలి. జర్మనీ ఉత్తరాన ష్లెస్విగ్ హోల్‌స్టైన్ ప్రాంతంలోని బ్రెక్లుం అనే చిన్న ఊరిలో క్రిస్టియన్ యెన్‌సెన్ అనే పాస్టరు 1876లో ఒక మిషను స్థాపించగా, అక్కడి నుంచి ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ 1882లో ఈ దేశానికి వచ్చి, సాలూరు, కొరాపుట్‌లు కేంద్రాలుగా పని మొదలుపెట్టారు. అప్పటికి జయపురం సంస్థానం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడిన తరువాతనే కొండలకూ మైదానానికీ నడుమ ఎల్లగీత పడింది. మొదటి ప్రపంచయుద్ధంతో జర్మన్లు వెళ్లిపోవలసి వచ్చినప్పుడు అమెరికన్ లూథరన్లు ఆ పనికి అండగా నిలిచారు. 1928లో జయపురం ఇవాంజలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. రాయగడ, గుణుపురం, బిస్సంకటక్ వైపు డెన్మార్కు లూథరన్లు తోడయ్యారు. కాబట్టి ఈ కొండల్లో బాప్తిస్మమంటే లూథర్ నేర్పిన అర్థంలో బాప్తిస్మమే, ఆ అర్థాన్ని ఇక్కడ దొంబులు, పరజాలు, కోందులు తమ బ్రతుకుల్లోకి తెచ్చుకొన్నారు.

ఆ అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే యొర్దాను నదికి వెళ్లాలి. బాప్తిస్మమిచ్చే యోహాను తన ప్రజలను మారుమనస్సు పొందమని పిలిచి ఆ నదిలో ముంచాడు. పాపం లేనివాడని సంఘం నమ్మే యేసు సైతం ఆ పాపుల వరుసలో నిలబడి ఆ నీటిలోనే దిగాడు. యూదులకు ఆచార స్నానాలు కొత్త కావు. అశుద్ధం తగిలిన ప్రతిసారీ చేయవలసిన స్నానాలు వారికి ఎన్నో ఉండేవి, మృతసముద్రం దగ్గరి కుమ్రాన్ సమాజం వాటిని రోజువారీ క్రమశిక్షణగానే పాటించింది. గోదావరికి, కృష్ణకు పన్నెండేళ్లకొకసారి పుష్కరం వచ్చినట్టు, శుద్ధి స్నానమన్నది స్వభావరీత్యా మళ్లీ మళ్లీ వచ్చేదే, ఎందుకంటే మలినం మళ్లీ మళ్లీ అంటుతుంది. క్రైస్తవ బాప్తిస్మం ఈ తర్కాన్ని విడిచిపెట్టింది. శరీర మలినం పోగొట్టుకోవడానికి దీనితో సంబంధం లేదని పేతురు మొదటి పత్రిక స్పష్టంగానే చెబుతుంది. పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఆరవ అధ్యాయంలో ఇంకా లోతుకు పోయి, ఆ నీటిని సమాధి అన్నాడు: బాప్తిస్మం పొందినవాడు క్రీస్తు మరణంలో పాలుపొంది, ఆయనతో పాతిపెట్టబడి, ఆయన లేచినట్టుగానే కొత్త జీవితంలో నడవడానికి లేస్తాడని ఆయన బోధ. కడుగుకోవడం ఎన్నిసార్లయినా సాధ్యం, చావు ఒక్కసారే. ఎవరూ తమను తాము పాతిపెట్టుకోలేరు కూడా. బాప్తిస్మం ఒక్కసారే ఎందుకు, మరొకరి చేతనే ఎందుకు అన్న రెండు ప్రశ్నలకూ పౌలు చెప్పిన ఈ సమాధి మాటలోనే జవాబు ఉంది.

ముంచడమే ఈ అర్థానికి నిండైన రూపమన్న బాప్టిస్టుల మాటను లూథరన్లు తేలికగా తోసిపుచ్చలేరు. నీటి కిందికి పోయి పైకి వచ్చిన శరీరం చావునూ లేవడాన్నీ చూపినంత గట్టిగా, మూడు దోసిళ్ల నీరు చూపలేదు. లూథర్ సైతం ముంచడమే సంస్కారపు అర్థానికి బాగా సరిపోతుందని ఒప్పుకొన్నాడు. అయితే నీటి పరిమాణంతో సంస్కారం నిలుస్తుందా పడుతుందా అనేది వేరే ప్రశ్న. మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో అయిన దిదఖే అనే చిన్న బోధగ్రంథం, పారే నీటిలో ఇమ్మనీ, అది దొరకకపోతే వేరే నీటిలో, చన్నీళ్లు కుదరకపోతే వేడినీటిలో ఇమ్మనీ, ఏవీ చాలినంత లేకపోతే తలపై మూడుసార్లు పోయమనీ చెబుతుంది. ఆ తొలినాటి సంఘం ఏది మేలో ఎరిగి కూడా, అది లేనిచోట సంస్కారాన్ని ఆపలేదు. ఇంకొక చారిత్రక సత్యాన్ని తెలుగు బాప్టిస్టులు కూడా గుర్తు చేసుకోవడం మంచిది. ఆంగ్ల బాప్టిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ స్మిత్ 1609లో ఆమ్‌స్టర్‌డాంలో తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకొన్నాడు, అదీ నీరు పోసుకొని. కొద్దికాలానికే, ఇచ్చేవారు ఉండగా తనకు తాను ఇచ్చుకోవడం సరికాదేమోనన్న సందేహం ఆయనను పట్టుకొన్నది. ఆయన అనుచరులు నిండా ముంచడాన్ని స్థిరపరచుకోవడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

పసిబిడ్డల ప్రశ్న ఇంతకంటే బరువైనది. కొత్త నిబంధనలో పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చినట్టు విడిగా చెప్పిన చోటు లేదు. ఫిలిప్పీ చెరసాల నాయకుడి వంటివారు ఇంటివారందరితో కలిసి పుచ్చుకొన్నారని అపొస్తలుల కార్యాలు చెబుతుంది గాని, ఆ ఇంటివారిలో చంటిబిడ్డ ఉన్నాడో లేడో చెప్పదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజీ నగరవాసి తెర్తుల్లియన్ చిన్నపిల్లల విషయంలో ఆగడమే మంచిదని రాశాడు, అంటే అప్పటికే ఇచ్చేవారు ఉన్నారని అర్థం. 253 ప్రాంతంలో అదే నగర బిషప్పు కుప్రియాను ఎనిమిదో రోజు దాకా కూడా ఆగనక్కరలేదన్నాడు. తరువాత ఆగస్టీన్, పుట్టుకతోనే మనిషికి సంక్రమించే జన్మపాపమనే సిద్ధాంతంతో శిశు బాప్తిస్మానికి గట్టి పునాది వేశాడు. పదహారో శతాబ్దంలో జూరిచ్ నగరంలో కొందరు ఆ పునాదిని కదిపి, 1525 జనవరిలో ఒకరికొకరు మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకోగా, వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527లో లిమ్మాట్ నదిలో ముంచి చంపించినది సంస్కరణవాదులైన నగర పాలకులే. బాప్తిస్మం పేరున క్రైస్తవులు క్రైస్తవులను నీటిలో ముంచి చంపిన ఆ దినం సంఘ చరిత్రలో మాయని మచ్చ, శిశు బాప్తిస్మాన్ని సమర్థించే ఏ వాదమైనా ఆ మచ్చను దాటుకొని రావలసిందే.

లూథర్ ఇచ్చిన జవాబు మాత్రం నేటికీ ఆలోచించదగినది. విశ్వాసం బాప్తిస్మాన్ని అందుకొంటుందే గాని దాన్ని తయారు చేయదని 1529 నాటి పెద్ద ప్రశ్నోత్తరిలో ఆయన వాదించాడు. మనిషి విశ్వాసం మీదనే సంస్కారం నిలబడేదైతే, విశ్వాసం సడలిన ప్రతిసారీ తనకు జరిగినది నిజమైన బాప్తిస్మమేనా అన్న భయం తప్పదు. దేవుని వాగ్దానం మీద నిలబడేదైతే, పడిపోయినవాడు దానికి తిరిగి రాగలడు. అందుకే లూథర్ దృష్టిలో ఒకనాడు జరిగిపోయిన బాప్తిస్మం జీవితమంతా వాడుకోవలసినది, లోపలి పాత మనిషి దినదినమూ అందులో చావవలసిందే. సునాబెడలో పుట్టిన తెలుగు బిడ్డ విషయమే తీసుకొంటే, ఇంట్లో తెలుగూ బడిలో ఒడియా వింటూ పెరిగే ఆ బిడ్డను అమ్మ ఏ భాష కావాలని అడిగి జోలపాడలేదు. ఎంచుకోకముందే అందిన ఆ భాషలోనే బిడ్డ తరువాత తన అన్ని ఎంపికలనూ చేసుకొంటాడు. కృప ఇలాగే మనిషి జవాబు కంటే ముందు నడుస్తుందని శిశు బాప్తిస్మం చెప్పదలచినది.

అయితే మాట్లాడని భాష మరుపున పడుతుంది. బాప్టిస్టుల హెచ్చరిక అంతా ఇక్కడే ఉంది, అది నిజమైన హెచ్చరిక. పసితనంలో నీరు పోయించి, దొరగారి రిజిస్టరులో పేరు రాయించి, ఆపైన ఆ పేరుకు అర్థమేమిటో ఎన్నడూ నేర్పని కుటుంబాలు, సంఘాలు శిశు బాప్తిస్మాన్ని పుట్టుక ధ్రువపత్రంగా దిగజార్చాయి. లూథరన్లు కన్ఫర్మేషన్ అని పిలిచే ఆచారం, అంటే యౌవనానికి వచ్చిన పిల్లలు పాఠాలు నేర్చుకొని, తమ పేరున తల్లిదండ్రులు చేసిన ఒప్పుకోలును సంఘం ఎదుట తామే ఒప్పుకోవడం, ఈ లోటును పూరించడానికే ఉన్నది. దాన్ని మొక్కుబడిగా జరిపించే సంఘానికి బాప్టిస్టులతో వాదించే హక్కు లేదు.

ఈ వాదంలో తరచు మరుగున పడే విషయం ఒకటుంది. పిల్లల ప్రశ్న రెండో తరం ప్రశ్న. కొండల్లో లూథరన్లు మొదట బాప్తిస్మమిచ్చినదీ మైదానంలో బాప్టిస్టులు ఇచ్చినదీ ప్రధానంగా బోధ విని నిర్ణయించుకొన్న పెద్దవారికే, కాబట్టి మొదటి తరంలో ఇద్దరి ఆచారమూ దాదాపు ఒకటే. కొత్త నిబంధన కూడా ఎక్కువగా మొదటి తరం విశ్వాసుల గురించిన గ్రంథమే. విడిగా నిర్ణయించుకొన్న వ్యక్తికే ఇవ్వాలన్న సిద్ధాంతం తెలుగు పల్లెకు వచ్చినప్పుడు ఏమైందో ఒంగోలు చరిత్ర చూపుతుంది. 1876-78 నాటి కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకొని మాదిగ పేదలకు పని కల్పించాడు, కరువు సాయం సాగినన్నాళ్లూ మాత్రం, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మ వాగులో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఇద్దరిద్దరు చొప్పున బోధకులు వంతులవారీగా నీటిలో నిలబడి, ఒక్కొక్కరికీ విడివిడిగా త్రియేక నామాన్ని పలికి ముంచారు. అక్కడ మునిగినవారు ఒక్కొక్కరే గాని, నడిచి వచ్చినది ఇళ్లు, వాడలు. వ్యక్తి విశ్వాసమూ, ఇంటివారి విశ్వాసమూ విడదీయరాకుండా పెనవేసుకొన్న ఆ వాగు, బాప్టిస్టు సిద్ధాంతాన్ని అబద్ధం చేయలేదు, దాన్ని ఇంకా విశాలం చేసింది.

సంఘాల నడుమ ఉన్న ఈ విభేదాలను పాట మాత్రం దాటింది. బ్రాహ్మణ కుటుంబంలో పర్లాకిమిడి ప్రాంతాన పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో కటకంలో బాప్టిస్టుల వద్ద బాప్తిస్మం పుచ్చుకొని, ఆపైన తెలుగు కీర్తనకారుడుగా నిలిచాడు. ఆయన కీర్తనలను లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘంవారు, బాప్టిస్టులు ఒకే పుస్తకంలోంచి పాడతారు. ఆయన పాటను సొంతం చేసుకొన్న సంఘాలు ఒకరి బాప్తిస్మాన్ని ఒకరు సొంతం చేసుకోవడానికి మాత్రం వెనుకాడడం విచారకరం.

నీటి లోతు మీద ఇంత పట్టుదల చూపిన సంఘాలు, బాప్తిస్మానికి పౌలు చెప్పిన రెండో అర్థం మీద అందులో పదోవంతు కూడా చూపలేదన్నది ఈ వ్యాసకర్త స్థిరాభిప్రాయం. క్రీస్తులోనికి బాప్తిస్మం పొందినవారు క్రీస్తును ధరించుకొన్నారనీ, వారిలో యూదుడూ గ్రీసువాడూ అనీ, దాసుడూ స్వతంత్రుడూ అనీ, పురుషుడూ స్త్రీ అనీ భేదం చెల్లదనీ గలతీయుల పత్రిక మూడో అధ్యాయం చెబుతుంది. అది తొలి సంఘంలో బాప్తిస్మ సమయాన పలికిన ఒప్పుకోలు అయి ఉంటుందని పండితుల్లో చాలామంది భావిస్తారు. తెలుగు నేలపై ఒకే నీటిలో దిగినవారు పెళ్లి దగ్గర మళ్లీ మాలా, మాదిగా, రెడ్డీ, కమ్మా అయిపోతున్నారు. కొన్నిచోట్ల సమాధుల తోటలో కూడా అవుతున్నారు. పాత మనిషి చచ్చాడని నీటి దగ్గర ఒప్పుకొని, వాడి కులాన్ని మాత్రం బ్రతికించుకోవడం ముంచడానికీ చిలకరించడానికీ నడుమ ఉన్న తేడా కంటే ఎన్నో రెట్లు పెద్ద సిద్ధాంత భంగం.

రాజ్యం కూడా ఈ నీటికి తనదైన అర్థం ఇచ్చింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతం అవలంబించినవారిని షెడ్యూల్డు కులంగా లెక్కించరు. షెడ్యూల్డు తెగలకు ఈ నియమం లేదు. కొరాపుట్‌లో దాని ఫలితం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: ఒకే పాస్టరు చేత ఒకే రోజున బాప్తిస్మం పుచ్చుకొన్న కోందు తన తెగ హోదాతోనే ఉంటాడు, దొంబు తన కులపు రక్షణ కోల్పోతాడు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తమిళ కుటుంబపు వ్యవహారంలో పసితనపు బాప్తిస్మాన్నీ క్రమంగా చర్చికి వెళ్లడాన్నీ సాక్ష్యంగా తీసుకొని కుల ధ్రువపత్రం నిరాకరించింది. ఒడిశాలో 1967 నాటి మతస్వేచ్ఛ చట్టమూ, దాని కింద 1989లో వచ్చిన నియమాలూ మతం మారేవారు మేజిస్ట్రేటు ఎదుట ముందుగా ప్రకటన చేయాలంటాయి. ఈ ఒత్తిళ్ల మధ్య, విశ్వసించీ ఏళ్ల తరబడి నీటికి దూరంగా ఉండిపోయేవారు, పుచ్చుకొని కూడా రిజిస్టరులో పేరు వద్దనేవారు ఉన్నారు. వారిని పిరికివారని తీర్పు చెప్పడం చదువూ ఉద్యోగమూ ఉన్నవారికి సులువు. కులపు గాయం మతం మారితే మానదని ఎరిగి కూడా రక్షణ అనే మందును మాత్రం ఆపివేసే ఉత్తర్వు అన్యాయమైనదని చెప్పడమే సంఘాల మొదటి బాధ్యత.

మళ్లీ బాప్తిస్మం ఇవ్వవచ్చునా అన్న ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. నాలుగో, ఐదో శతాబ్దాల్లో ఉత్తర ఆఫ్రికాలో దొనాతీయులు, హింసాకాలంలో లొంగిపోయిన బిషప్పులతో కలిసినవారి సంస్కారం చెల్లదని మళ్లీ బాప్తిస్మాలు ఇచ్చినప్పుడు, ఇచ్చే చెయ్యి ఎవరిదైనా ఇచ్చేది క్రీస్తేనని ఆగస్టీన్ జవాబిచ్చాడు. ఇరవయ్యో శతాబ్దంలో స్విస్ దైవశాస్త్రజ్ఞుడు కార్ల్ బార్త్ 1943లో ఒక ప్రసంగంలో శిశు బాప్తిస్మాన్ని ఎంతో కటువుగా విమర్శించాడు. అయినా అది క్రమం తప్పిన బాప్తిస్మమే గాని బాప్తిస్మం కాకపోలేదనీ, తిరిగి ఇవ్వకూడదనీ అదే ప్రసంగంలో తేల్చి చెప్పాడు. శిశు బాప్తిస్మాన్ని కాదన్న దైవశాస్త్రజ్ఞుల్లో ఆయన కంటే బరువైన పేరు దొరకదు గనుక, ఆయన తీర్పును బాప్టిస్టు మిత్రులు శ్రద్ధగా వినాలి. ప్రపంచ సంఘాల మండలి 1982లో పెరూ దేశపు లీమా నగరంలో సిద్ధం చేసిన పత్రం కూడా బాప్తిస్మం తిరిగి చేయరానిదనీ, అలా కనిపించే ఆచారాలను మానుకోవాలనీ సంఘాలను కోరింది. 1970లో నాగపూరులో ఏర్పడిన ఉత్తర భారత సంఘంలో బాప్టిస్టులూ ఆంగ్లికన్లూ ప్రెస్బిటేరియన్లూ కలిసి, శిశు బాప్తిస్మాన్నీ విశ్వాసుల బాప్తిస్మాన్నీ ఒకే సంఘంలో రెండు మార్గాలుగా అంగీకరించారు. ఒడిశాలో ఆ సంఘం నేటికీ అలాగే నడుస్తున్నది.

కాబట్టి సునాబెడ నుంచి సాలూరు దాకా, రాయగడ నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న సంఘాల పెద్దలకు ఒక విన్నపం. కోడలుగానో అల్లుడుగానో, ఉద్యోగం మీద వచ్చిన కొత్త సభ్యుడుగానో గుమ్మం ఎక్కినవారిని మళ్లీ నీటిలో దిగమని అడగవద్దు. వారి బాప్తిస్మ పత్రాన్ని తీసుకొని, ఆ నీటికి అర్థమేమిటో వారితో కూర్చుని మాట్లాడండి, వారి నోటితో ఒప్పుకోలు వినండి, ప్రభు భోజనపు బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకోండి. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు అడిగే ప్రశ్నల్లో కులం ప్రశ్నను తీసివేయండి.